బ్రామ్స్ సెరినేడ్‌ను తొమ్మిది వాద్యాలకు తిరిగి కూర్చే పద్ధతి

జర్మన్ స్వరకర్త యొహానెస్ బ్రామ్స్ రాసిన డి మేజర్ సెరినేడ్ (ఓపస్ 11, అంటే 11వ సంఖ్య గల రచన) పలు భాగాల వాద్య రచన; అది నేడు పూర్తి ఆర్కెస్ట్రా రూపంలో మిగిలింది. 1850ల చివర అది కొద్దిపాటి సుషిర, తంత్రీ వాద్యాల కోసం పుట్టింది; ఆ తొలి ప్రతి నిలవలేదు. ఒంగోలు, నెల్లూరు చర్చిల్లో స్టాఫ్ నొటేషన్ (అయిదు గీతలపై స్వరాలు రాసే పాశ్చాత్య పద్ధతి) నేర్చుకుని, ఆ విద్యను కీర్తనల తోడు వాయిద్యానికే వాడుతున్న యువకులు ఆ తొలి రూపాన్ని తిరిగి కూర్చే పనికి పూనుకోవాలని నా కోరిక. ఆర్కెస్ట్రా స్కోరుకు (అన్ని వాద్యాల స్వరాలూ కలిపి రాసిన ప్రతికి) కాపీహక్కు గడువు ఎప్పుడో తీరిపోయింది.

ఫ్లూట్, రెండు క్లారినెట్లు, బసూన్ (లోతైన స్వరాల ఊదే వాద్యం), హార్న్ (చుట్టలు తిరిగిన ఇత్తడి ఊదే వాద్యం), వయొలిన్, దానికంటే కాస్త పెద్దదైన వయొలా, ఇంకా పెద్దదైన చెల్లో, అన్నిటికంటే పెద్దదైన డబుల్ బాస్ అనే తొమ్మిదింటిని ఎంచుకోండి. క్లారినెట్, హార్న్ స్వరాలు స్కోరులో రాసినట్టు వినిపించవు కనుక ముందు వాటిని అసలు శ్రుతిలోకి మార్చి రాసుకోవాలి.

మొదటి భాగంతో ఆరంభించకండి. నాలుగోదైన మినుయెట్ (ఒక నాట్య తరహా భాగం) దగ్గర మొదలుపెట్టండి. అక్కడ ట్రంపెట్లు, టింపనీ (ఆర్కెస్ట్రా పెద్ద డోళ్లు) ఉండవు, క్లారినెట్లూ బసూనూ పాడుతుంటే చెల్లో తోడు నడుస్తుంది. పోయిన కూర్పు ఈ పుటల్లో దాదాపు చెక్కుచెదరకుండా ఉందని నేను నమ్ముతాను. అయిదో భాగంలో హార్న్, చెల్లోల జంటను కూడా ఇదే చెవితో వినండి. ఆర్కెస్ట్రాను కుదించడం మన పని కాదు. లోపల దాగిన చిన్న గోష్ఠిని గుర్తించి, దానిపై తర్వాత పేర్చిన పొరలను విప్పడమే మన పని.

ఆ తర్వాతే మొదటి భాగానికి రండి. ట్రంపెట్లను, టింపనీని తీసేయండి. నాలుగు హార్న్‌ల నుంచి ముఖ్యమైన పాటను ఒక్క హార్న్‌కు ఉంచి, మిగిలిన స్వరాలను బసూన్‌కూ క్లారినెట్లకూ పంచండి. ఓబో (సన్నాయిని పోలిన ఊదే వాద్యం) పాట స్థాయిని బట్టి ఫ్లూట్‌కో క్లారినెట్‌కో వెళ్తుంది. అసలు కష్టం రెండో వయొలిన్‌తోనే: దాని స్వరాలన్నిటినీ వయొలాపై మోపితే లోపలి నడక బరువెక్కుతుంది కాబట్టి, కొన్నిటిని వదిలేసే ధైర్యం కావాలి.

ఆరంభంలో కింది తంత్రులు పట్టి ఉంచే డి–ఏ జంట మన తంబురా షడ్జ పంచమాల వంటిది. హార్న్ పాట దానిపైనే లేస్తుంది. నిండుదనం కోసం నేను అక్కడ క్లారినెట్లను కలిపి చూశాను గాని, హార్న్ ఏకాంతం చెడిపోవడంతో తీసేశాను.

ప్రతి మార్పునూ కారణంతో సహా అంచున రాయండి. ముఖపత్రంపై ఇది పునర్నిర్మాణమని స్పష్టంగా పేర్కొనండి. ఒంగోలులో నాకు బసూన్, హార్న్ వాయించేవారు దొరకనందున ఆ వాద్యాల వరుసలను కీబోర్డుపై పరీక్షించాను. కీబోర్డుకు ఊపిరి అక్కర్లేదు. అందువల్ల ప్రతి వరుసనూ గొంతెత్తి పాడి, ఊపిరి అందని చోటల్లా గుర్తు పెట్టుకోండి.