ఏడు పెంకులాటకు దిగే ముందు

ముందు పెంకులు చూసుకోండి. పగిలిన బంగాళాపెంకు అంచు బ్లేడులా కోస్తుంది. ఏడింటినీ గచ్చు మీద రుద్ది అంచులు మొద్దు చేయండి.

బంతి పాత టెన్నిస్ బంతో, మెత్తటి రబ్బరు బంతో అయ్యుండాలి. కార్కు బంతి వద్దే వద్దు.

అన్నిటికంటే ముఖ్యం: నడుము కిందే కొట్టాలని మొదలెట్టకముందే అందరినీ ఒప్పించండి. పెంకులు పేర్చేవాళ్లు వంగి ఉంటారు, తల సరిగ్గా బంతి వచ్చే ఎత్తులో ఉంటుంది. అందుకే వాళ్ల మీదికి విసరకుండా, దగ్గరికొచ్చి బంతి తాకిస్తే ఔట్ అనుకోండి. మా ఇంట్లో ఇదే రూలు. బాబాయిలూ, మామయ్యలూ, చిన్నపిల్లల మీద మీ బలం చూపించకండి.

కళ్లజోడు పిల్లలకి వెనక తాడు కట్టండి. చున్నీలు నడుముకి బిగించుకోవాలి.

బైకులు తిరిగే వీధి వద్దు. బంతి వెనక పరిగెత్తే పిల్లలు అటూ ఇటూ చూడరు.