బెజవాడ ఎండకు నిలిచే ఇన్వర్టర్ బోర్డు

ఇంట్లో ఇన్వర్టర్ తయారుచేసుకునేవారు సాధారణంగా ముందు సర్క్యూట్ గీసి, బోర్డు చేసి, చివరన హీట్‌సింక్ (వేడిని లాగి గాలికి వదిలే రెక్కల లోహపు దిమ్మ) వెతుక్కుంటారు. విజయవాడలో మాత్రం వేడి లెక్కతోనే పని మొదలుపెట్టాలి. ఇన్వర్టర్లో కరెంటును స్విచ్‌లా వేసి తీసే ట్రాన్సిస్టరే మాస్‌ఫెట్. ఐఆర్‌ఎఫ్ 3205 రకం మాస్‌ఫెట్ డేటాషీటులో (తయారీదారు వివరాల పత్రంలో) కనిపించే 110 ఆంపియర్లు దాని ఒళ్లు 25 డిగ్రీల దగ్గర ఉన్నప్పటి మాట; వేడెక్కేకొద్దీ అది తగ్గుతుంది. రోహిణి కార్తెలో మెట్ల కింద గూట్లో ఉండే పెట్టెకు లోపలి వేడి 55 డిగ్రీలని వేసుకోవడం క్షేమం.

12 వోల్టుల బ్యాటరీ మీద 600 వాట్ల ఇన్వర్టర్ అనుకుందాం. నష్టాలు కలుపుకుంటే బ్యాటరీ నుంచి దాదాపు 60 ఆంపియర్లు లాగుతుంది. ఆ కరెంటు 10 మిల్లీమీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల పొడవు ఉన్న మామూలు 35 మైక్రాన్ల మందం రాగి ట్రాకు (బోర్డు మీది రాగి దారి) గుండా పోతే, ట్రాకు నిరోధం సుమారు 5 మిల్లీఓములు కాబట్టి, 18 వాట్లు అక్కడే వేడిగా పోతాయి. దీనికి విరుగుడుగా చాలామంది ట్రాకు మీద మందంగా లెడ్ (అతుకులు వేసే సోల్డర్) పోస్తారు. నా మొదటి బోర్డుకు నేనూ అదే చేశాను; అరగంట లోడుకే ట్రాకు అంచులు గోధుమరంగుకు తిరిగి, రాగి పొరలా పైకి లేచింది. లెడ్ కరెంటు మోయడంలో రాగికి ఎనిమిదో వంతు మాత్రమే. కాబట్టి 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగలు రెండు, పైతొడుగు ఒలిచి, ట్రాకు పొడవునా పరిచి లెడ్‌తో అతికించండి. నష్టం ఒక వాటు చిల్లరకు దిగుతుంది.

రెండు పక్కల మాస్‌ఫెట్లు వంతులవారీగా పనిచేసే పుష్‌పుల్ సర్క్యూట్లో పక్కకు రెండేసి మాస్‌ఫెట్లు చాలుననిపించినా నాలుగేసి పెట్టండి. వేడి కరెంటు వర్గాన్ని బట్టి పెరుగుతుంది కనుక ఒక్కోదానిలో వేడి నాలుగో వంతుకు, మొత్తం మీద సగానికి తగ్గుతుంది. ప్రతి గేటుకూ (మాస్‌ఫెట్‌ను ఆన్, ఆఫ్ చేసే కాలుకు) 10 నుంచి 22 ఓముల రెసిస్టరు విడిగా ఉండాలి. మాస్‌ఫెట్ వెనుక రేకు డ్రెయిన్‌కు (కరెంటు పోయే కాళ్లలో ఒకదానికి) కలిసే ఉంటుంది; రెండు పక్కలనూ ఒకే హీట్‌సింక్‌కు బిగిస్తే, షార్టు కాకుండా మైకా షీటు, ప్లాస్టిక్ బుష్ తప్పనిసరి. హీట్‌సింక్ పేస్టు సన్నని సందులు పూడ్చడానికే, పలుచగా పూయాలి. దట్టంగా పూస్తే వేడికి అదే అడ్డం.

హీట్‌సింక్ రెక్కలు నిలువుగా ఉండాలి, ఫ్యాను గాలి వాటి మధ్యనుంచే పోవాలి. కెపాసిటర్లు 105 డిగ్రీలు తట్టుకునే రకమే కొని హీట్‌సింక్‌కు దూరంగా పెట్టండి. వేడి 10 డిగ్రీలు పెరిగిన ప్రతిసారీ వాటి ఆయుష్షు సుమారు సగమవుతుంది. 230 వోల్టుల వైపు ట్రాకులకూ బ్యాటరీ వైపు ట్రాకులకూ మధ్య 8 మిల్లీమీటర్ల ఎడం ఉంచి, బ్యాటరీ ప్లస్ పక్కనే ఫ్యూజు వేయండి.

మొదటిసారి ఆన్ చేసేటప్పుడు బ్యాటరీకి సిరీసులో 12 వోల్టుల హెడ్‌లైటు బల్బు పెట్టండి. లోడు లేకుండానే బల్బు నిండుగా వెలిగితే ఎక్కడో షార్టు ఉన్నట్టు. అది దాటాక పూర్తి లోడు పరీక్షను ఉదయం చల్లటి వేళ బల్ల మీద కాకుండా, మధ్యాహ్నం రెండింటికి, ఆ మెట్ల కింద గూట్లోనే, తలుపు మూసి చేయండి.