బ్రౌజర్‌లో అక్షరాలు మసకగా కనిపిస్తుంటే

విండోస్‌లో అక్షరాల అంచులకు రంగుల నీడ పట్టి 'కి', 'కీ' తేడా తెలియడం లేదా? ముందు డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో 'రికమెండెడ్' అని ఉన్న రిజల్యూషనే (తెర మీది చుక్కల లెక్క) పెట్టండి. 1920×1080 తెరను 1600×900లో నడిపితే ఒక్కో చుక్క పక్కదాని మీదికి పాకుతుంది. ఆ మసకను ఇంకే సెట్టింగూ పోగొట్టలేదు.

తర్వాత స్టార్ట్ మెనూలో 'అడ్జస్ట్ క్లియర్‌టైప్ టెక్స్ట్' వెతికి తెరవండి. తెర మీద అక్షరాల అంచులను తేటగా చూపే విండోస్ సదుపాయమే క్లియర్‌టైప్. చూపించే నమూనాల్లో కంటికి హాయిగా ఉన్నవి ఎంచుకుంటూ వెళ్లండి. రెండు మానిటర్లుంటే దేనికది విడిగా చేయాలి. బ్రౌజర్‌ను పూర్తిగా మూసి మళ్లీ తెరవండి. కంట్రోల్, సున్నా కలిపి నొక్కితే జూమ్ 100 శాతానికి వస్తుంది.

వత్తులు ఇంకా అతుక్కుపోతుంటే ఫైర్‌ఫాక్స్ ఫాంట్ సెట్టింగ్స్‌లో 'అడ్వాన్స్‌డ్' నొక్కి, తెలుగుకు కనీస సైజు 16 పెట్టండి. ఇంగ్లీషు అక్షరాలకు సరిపోయే 12 మన వత్తులకు చాలదు.