గోధుమ మానినా తగ్గని కడుపు ఉబ్బరం: నా అనుభవం

మాది గుంటూరు, బ్రాడీపేట. రెండేళ్లుగా అన్నం తిన్న గంటకే పొట్ట ఉబ్బడం, మెలిపెట్టే నొప్పి. పరీక్షలన్నీ చేసి ఐబీఎస్ (పేగుల పనితీరు దెబ్బతిని నొప్పి, ఉబ్బరం వచ్చే సమస్య) అన్నారు.

అంతకుముందే ఎవరో చెప్పారని గోధుమ మానేశాను. సగం తేలికపడింది గానీ, సాంబారు తిన్నరోజు మళ్లీ అదే బాధ. అలా మానడం తొందరపాటే. సీలియాక్ జబ్బుకి, అంటే గోధుమలోని గ్లూటెన్ పడక పేగులు దెబ్బతినే జబ్బుకి, రక్తపరీక్ష గోధుమ తింటున్నప్పుడే చేయించుకోవాలి. మళ్లీ కొన్ని వారాలు చపాతీలు తిని చేయించుకుంటే, లేదని తేలింది. పాలు మానితే కొద్దిగా నయం, అంతే.

దారి చూపింది లో ఫాడ్‌మ్యాప్ పద్ధతి. ఆస్ట్రేలియాలోని మోనాష్ యూనివర్సిటీవాళ్లు రూపొందించారు. పేగుల్లో పులిసి గ్యాసయ్యే పదార్థాలను (వీటినే ఫాడ్‌మ్యాప్‌లు అంటారు) 2 నుంచి 6 వారాలు ఆపి, తర్వాత ఒక్కొక్కటే తిని చూడాలి. గోధుమలోనూ, ఉల్లి, వెల్లుల్లిలోనూ ఉండేవి ఫ్రక్టాన్లే, అలా పులిసే ఒక రకం పిండిపదార్థాలు! నేను గోధుమ మాని ఉల్లి తింటూనే ఉన్నాను.

వెల్లుల్లి లేని తాలింపు మా ఇంట్లో ఊహించలేం. అమ్మ రెబ్బల్ని నూనెలో ఎర్రగా వేయించి, ఒక్కటీ మిగలకుండా గరిటెతో తీసేసి, ఆ నూనెలోనే ఆవాలు, కరివేపాకు వేసేది. ఫ్రక్టాన్లు నూనెలో కరగవు, వాసన మాత్రం దిగుతుంది. ఉల్లి బదులు ఉల్లికాడల పచ్చటి భాగం. ఇంగువ కొనేటప్పుడు డబ్బా చూడండి, చాలావాటిలో గోధుమపిండి కలుపుతారు. కారంలో ఫాడ్‌మ్యాప్ సమస్య లేకపోయినా నొప్పి పెంచుతుంది, సగానికి తగ్గించాను.

తిరిగి తినడం మొదలుపెట్టాక పెరుగు పడింది, ఒక చపాతీ పడింది. పచ్చి ఉల్లిపాయ మాత్రం నాలుగు ముక్కలకే సాయంత్రానికి పొట్ట బిగిసింది. ఇది డైటీషియన్ గారి సలహాతోనే చేయండి. మలంలో రక్తం పడుతున్నా, బరువు తగ్గిపోతున్నా ముందు డాక్టరు దగ్గరికి వెళ్లండి.