టీవీకి స్టిక్కు – మూడో పాఠం: అట్టపెట్టె మీది చిన్నక్షరాలు

రెండో పాఠం చివర ఇచ్చిన ఇంటిపని చేసినవాళ్ళ చేతిలో ఈపాటికి ఒక చీటీ ఉండాలి. టీవీ వెనక ఏయే పోర్టులున్నాయి, టీవీ ఉన్నచోటే నిలబడి ఫోన్‌లో చూస్తే వైఫై వేగం ఎంత వచ్చింది, ఏ ఓటీటీకి ఏ ప్లాను కడుతున్నారు అనే మూడు సంగతులూ అందులో ఉండాలి. రాయనివాళ్ళు ముందు ఆ పని చూడండి. చీటీ లేకుండా చెన్నై ఎలక్ట్రానిక్స్ బజారు రిచీ స్ట్రీట్‌లో అడుగు పెడితే అమ్మేవాడు ఏది చెప్తే అదే వేదం.

ఇవాళ్టి పాఠం స్టిక్కు ఎంచుకోవడం గురించి. స్టిక్కంటే టీవీ హెచ్‌డీఎంఐ పోర్టులో గుచ్చితే ఓటీటీ యాప్‌లు తెర మీదికి తెచ్చే చిన్న పరికరం. నా లెక్క ఇది: పెట్టె మీద పెద్దక్షరాల్లో కొట్టి ఉన్నది పనిచేస్తుందా లేదా అన్నది మీ టీవీ, మీ నెట్టు తేలుస్తాయి. మూలన చిన్నక్షరాల్లో ఉన్నది మాత్రం రోజూ సాయంత్రం మీ చేతికి తగులుతుంది. కాబట్టి ఎక్కువసేపు చిన్నక్షరాల దగ్గరే కూర్చుందాం.

అసలు కొనాలా?

ఫైబర్ కనెక్షన్‌తో పాటు సెట్‌టాప్ బాక్స్ వచ్చి, సీల్ విప్పకుండా అటకెక్కిన ఇళ్ళు మన చెన్నైలో బోలెడు. జియో, ఎయిర్‌టెల్ ప్లాన్లు కొన్నిటితో ఓటీటీ యాప్‌లుండే ఆ బాక్స్ ఇస్తారు. ముందు దాన్ని దింపి, దుమ్ము దులిపి, ఓ వారం వాడి చూడండి. సరిపోయిందంటే మీకు ఈ పాఠం ఇక్కడితో సరి.

టీవీయే స్మార్ట్ టీవీ అయి, యాప్‌లు నత్తనడక నడుస్తున్నాయా? టీవీ మార్చకండి. తెరకేం కాదు, లోపలి చిప్పూ సాఫ్ట్‌వేరూ ముసలివవుతాయి. 2019 డిసెంబరులో నెట్‌ఫ్లిక్స్ కొన్ని పాత శామ్‌సంగ్ స్మార్ట్ టీవీల్లో పనిచేయడం మానేసింది. ఆ టీవీల తెరలు అప్పటికీ నిక్షేపంగా ఉన్నాయి. స్టిక్కు అసలు ప్రయోజనం అలాంటి టీవీకే.

హెచ్‌డీఎంఐ లేకుండా ఎరుపు, తెలుపు, పసుపు పిన్నులు మాత్రమే ఉన్న పాత డబ్బా టీవీకి కన్వర్టర్ దొరుకుతుంది. బొమ్మ వస్తుంది కానీ మెనూలో అక్షరాలు అలుక్కుపోతాయి. నన్నడిగితే ఆ దారి వద్దు.

పెద్దక్షరాలు

4కె, డాల్బీ విజన్ (రంగులకు), డాల్బీ అట్మాస్ (శబ్దానికి). పెట్టె మీద ఇవి మెరుస్తుంటాయి. 4కె బొమ్మ మీ తెర మీదికి రావాలంటే నాలుగు చోట్ల ఒప్పుదల కావాలి.

మొదటిది తెర. 3840×2160 చుక్కలుండాలి. 32 అంగుళాల హెచ్‌డీ రెడీ టీవీల్లో ఎక్కువభాగం 1366×768 దగ్గరే ఆగుతాయి.

రెండోది పోర్టు. సినిమాను కాపీ కొట్టకుండా హెచ్‌డీఎంఐ తీగకు రెండు వైపులా ఒక తాళం ఉంటుంది, దాని పేరు హెచ్‌డీసీపీ. 4కె ఓటీటీలకు ఆ తాళం 2.2 రకం కావాలి. 4కె టీవీలు కొత్తగా దిగిన రోజుల్లో కొన్నవాళ్ళు ఇది తప్పక చూసుకోవాలి. కొన్నిటిలో ఒక్క పోర్టుకే ఆ రకం ఉంటుంది, చాలావాటిలో పోర్టు పక్కనే అచ్చేసి ఉంటుంది. గోడకు బిగించిన టీవీ అయితే వెనక్కి తల దూర్చలేరు కాబట్టి ఫోన్ కెమెరా ఆన్ చేసి, టార్చి వేసి, చెయ్యి మాత్రం దూర్చి వీడియో తీయండి. తర్వాత నింపాదిగా చూసుకోవచ్చు.

పోర్టు బాగానే ఉన్నా టీవీ మెనూలో ఒక మీట ఆపి ఉండటం మామూలే. శామ్‌సంగ్‌లో దాన్ని ఇన్‌పుట్ సిగ్నల్ ప్లస్ అంటారు, ఎల్‌జీలో హెచ్‌డీఎంఐ అల్ట్రా హెచ్‌డీ డీప్ కలర్, సోనీలో హెచ్‌డీఎంఐ సిగ్నల్ ఫార్మాట్ అనే చోట ఎన్‌హాన్స్‌డ్. పాత మోడళ్ళలో పేర్లు కొంచెం మారతాయి. స్టిక్కు పెట్టిన పోర్టుకే అది ఆన్ చెయ్యాలి. ఇది తెలియక రంగులు పేలవంగా ఉన్నాయని స్టిక్కును తిట్టుకునేవాళ్ళున్నారు.

మూడోది ప్లాను. 2021 డిసెంబరులో తగ్గించిన నెట్‌ఫ్లిక్స్ ధరల ప్రకారం 649 రూపాయల ప్లానులోనే 4కె వస్తుంది. 499కి 1080 (ఫుల్ హెచ్‌డీ), 199కి 720 (హెచ్‌డీ). 149 ప్లాను ఫోనుకూ ట్యాబ్‌కే పరిమితం, టీవీలో అసలు రాదు. మీ చీటీలో 149 అని ఉంటే స్టిక్కు ధరతో పాటు ప్లాను పెంచే ఖర్చూ ఇప్పుడే కలిపి రాసుకోండి.

నాలుగోది నెట్టు. 4కెకు 15 ఎంబీపీఎస్, 1080కి 5 ఎంబీపీఎస్ కావాలని నెట్‌ఫ్లిక్స్ చెబుతుంది. ఇది రూటర్ పక్కన కూర్చుని కొలిచే వేగం కాదు, టీవీ దగ్గరిది.

ఈ నాలుగిట్లో ఒక్కటి కాదన్నా పెట్టె మీది 4కె బొమ్మకు పనికిరాదు. అలాగని ఆ స్టిక్కు కొనకూడదనీ కాదు. ఎందుకో కింద చెప్తాను.

చిన్నక్షరాలు

పెట్టెను పక్కకు తిప్పితే, లేదా అడుగున చూస్తే, కొన్నిటి మీద రెండు అంకెలుంటాయి. ఒకటి ర్యామ్ (ఒకేసారి యాప్‌లు తెరిచి ఉంచుకునే చోటు), రెండోది స్టోరేజి (యాప్‌లు దాచుకునే చోటు). ఆన్‌లైన్‌లో కొంటుంటే వివరాల పట్టికలో ఎక్కడో కిందికి పోతే గానీ కనబడవు.

ర్యామ్ తక్కువైతే ఏమవుతుందో చూడండి. ఆహాలో సినిమా నడుస్తోంది. మధ్యలో హోమ్ బటన్ నొక్కి యూట్యూబ్‌లో ఒక పాట చూసి వెనక్కొచ్చారు. 2 జీబీ ర్యామ్ ఉన్న స్టిక్కులో సినిమా ఆగినచోటే చాలాసార్లు నిలబడి ఉంటుంది. 1 జీబీ అయితే ఆ పాటకు చోటివ్వడానికి ఆహాను ఎప్పుడో మూసేసింది. మళ్ళీ లోగో, మళ్ళీ మీ పేరు మీద నొక్కడం, మళ్ళీ సినిమా వెతుక్కోవడం. రిమోట్ నొక్కిన క్షణానికీ తెర కదిలిన క్షణానికీ మధ్య గ్యాప్ వస్తే, ఇంట్లో పెద్దవాళ్ళు నొక్కలేదేమో అనుకుని ఇంకో రెండుసార్లు నొక్కుతారు. అప్పుడు తెర ఎక్కడికో పోతుంది. స్టిక్కు పాడైందంటూ వచ్చే ఫిర్యాదుల్లో కొన్ని నిజానికి ఇవే.

స్టోరేజి సంగతీ అంతే. 8 జీబీ అని రాసినా సిస్టమే అందులో పెద్ద వాటా తినేస్తుంది. తెలుగిళ్ళలో యాప్‌ల జాబితా పొడుగు: ఆహా, ఈటీవీ విన్, జెమిని కోసం సన్ నెక్స్ట్, జీ5, జియోహాట్‌స్టార్, ప్రైమ్, నెట్‌ఫ్లిక్స్. వీటికి పిల్లల ఆటలు రెండు తోడైతే 'చోటు లేదు' అనే కబురు తప్పదు.

ఇప్పుడు మోడళ్ళు. ఫైర్ టీవీ స్టిక్ హెచ్‌డీలో 1 జీబీ ర్యామ్, 8 జీబీ స్టోరేజి. 2023లో వచ్చిన ఫైర్ టీవీ స్టిక్ 4కెలో ర్యామ్ 2 జీబీ, అదే ఏడాది మ్యాక్స్‌లో 2 జీబీ ర్యామ్‌తో పాటు 16 జీబీ స్టోరేజి. షావోమీ టీవీ స్టిక్ 4కెలో 2 జీబీ ర్యామ్, 8 జీబీ స్టోరేజి. ఇక జాగ్రత్తగా చూడాల్సింది 2025లో వచ్చిన ఫైర్ టీవీ స్టిక్ 4కె సెలెక్ట్. పేరులో 4కె ఉంది, ర్యామ్ మాత్రం 1 జీబీ. గూగుల్ 2024 ఆగస్టులో తన స్టిక్కు క్రోమ్‌కాస్ట్‌కు మంగళం పాడి, దాని చోట బల్ల మీద పెట్టుకునే టీవీ స్ట్రీమర్ తెచ్చింది. అందులో 4 జీబీ ర్యామ్, 32 జీబీ స్టోరేజి. ఇంట్లో అందరివీ ఐఫోన్లే అయితే యాపిల్ టీవీ బాగుంటుంది, జేబు ఒప్పుకోవాలి.

అందుకే నా సలహా ఇది: మీది హెచ్‌డీ టీవీయే అయినా, ధరలో తేడా భరించగలిగితే, 2 జీబీ ర్యామ్ ఉన్న 4కె స్టిక్కే తీసుకోండి. చుక్కల కోసం కాదు, ర్యామ్ కోసం.

ఇంకో చిన్నక్షరం, సాఫ్ట్‌వేర్. షావోమీలాంటి గూగుల్ టీవీ, ఆండ్రాయిడ్ టీవీ రకాల్లో ప్లే స్టోర్ ఉంటుంది. ఫైర్ టీవీలో అమెజాన్ సొంత యాప్‌స్టోర్. కొనేముందు మీ చీటీలోని ఒక్కో యాప్ పేరూ ఆ స్టోర్‌లో ఉందో లేదో చూసుకోండి. పైన చెప్పిన సెలెక్ట్‌లో వేగా ఓఎస్ అనే కొత్త సిస్టమ్ ఉంది, అది ఆండ్రాయిడ్ కాదు. బయటినుంచి ఏపీకే అనే యాప్ ఫైలు తెచ్చి ఎక్కించే అలవాటు ఉన్నవాళ్ళకు అందులో దారి మూసుకున్నట్టే.

'ఎల్లామే ఫ్రీ సార్'

రిచీ స్ట్రీట్ సంగతి విడిగా చెప్పాలి. మౌంట్ రోడ్డు పక్కన ఆ సందుల్లో మంచి సరుకూ దొరుకుతుంది, కేబుళ్ళకూ కన్వర్టర్లకూ అంతకన్నా మంచి చోటు లేదు. కానీ ఏ కంపెనీదో తెలియని నల్ల డబ్బా ఒకటి చేతిలో పెట్టి, 8కె అని చూపించి, ఎల్లామే ఫ్రీ సార్ (అన్నీ ఉచితమే సార్) అన్నారంటే నమస్కారం పెట్టి ముందుకు నడవండి.

ఆ డబ్బాను గుర్తుపట్టడం తేలిక. ఆన్ చేయించండి. అందులో ఉన్నది టీవీ కోసం చేసిన ఆండ్రాయిడ్ కాదు, ఫోనుకు చేసినదే. యాప్‌లు ఫోన్ యాప్‌లే. రిమోట్ బాణాలతో నెట్‌ఫ్లిక్స్‌లో కదలబోతే కదలదు, తెర మీద మౌస్ బాణం తెచ్చుకుని నొక్కాలి. ఇంకాస్త లోతుకు పోవాలంటే డీఆర్ఎం ఇన్ఫో అనే ఉచిత యాప్ వేయించండి. వైడ్‌వైన్ (సినిమాలను కాపీ కాకుండా కాసే తాళం) అనే చోట ఎల్1 అని కనబడాలి. ఎల్3 అని వస్తే నెట్‌ఫ్లిక్స్ లాంటివి ఎస్‌డీ (హెచ్‌డీ కన్నా తక్కువ స్పష్టత) దాటవు. డబ్బా మీద 8కె, తెర మీద ఎస్‌డీ!

బొమ్మ ఒక్కటే అయితే పోనీలే అనుకోవచ్చు. 2025 జూన్‌లో అమెరికా ఎఫ్‌బీఐ ఇలాంటి పరికరాల మీద బహిరంగ హెచ్చరిక చేసింది. బ్యాడ్‌బాక్స్ 2.0 అనే దొంగ సాఫ్ట్‌వేర్ కొన్ని డబ్బాల్లో కొనకముందే ఎక్కి ఉంటోంది. మీ ఇంటి నెట్టును చాటుగా ఎవరో తమ నేరాలకు దారిగా వాడుకుంటారు. అదే వైఫైలో మీ బ్యాంకు యాప్ ఉన్న ఫోనూ ఉంటుంది.

కరెంటు, వేడి

టీవీ యూఎస్‌బీ పోర్టు దగ్గర 5వి 0.5ఎ (అర ఆంపియర్) అని రాసి ఉంటే స్టిక్కుకు దాన్నుంచి కరెంటు ఇవ్వకండి. స్టిక్కులతో వచ్చే అడాప్టర్ మామూలుగా 1 ఆంపియర్ ఇస్తుంది, అంటే రెట్టింపు. చాలకపోతే సినిమా మధ్యలో దానంతట అదే ఆగి మొదలవుతుంది. పైగా టీవీ ఆపినప్పుడల్లా చాలా టీవీలు ఆ పోర్టుకు కరెంటు ఆపేస్తాయి, ప్రతిసారీ స్టిక్కు మొదటినుంచి లేవాలి.

పెట్టెలో జానెడు కన్నా తక్కువున్న నల్ల తీగ వస్తే పారేయకండి, అది హెచ్‌డీఎంఐ ఎక్స్‌టెండర్. రోహిణి కార్తెకు రోళ్ళే పగులుతాయంటారు, చెన్నై కత్తిరి ఎండల్లో గోడకూ టీవీకీ మధ్య ఇరుక్కున్న స్టిక్కు గతి చెప్పాలా? బాగా వేడెక్కితే చిప్పు తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. తీగతో బయటికి వేలాడదీస్తే గాలి తగులుతుంది, టీవీ వెనక రేకు అడ్డం తొలగి వైఫై కూడా మెరుగవుతుంది.

మూడు ఇళ్ళ లెక్కలు

పెరంబూరులో ఒక ఇల్లు అనుకోండి. రిటైరైన దంపతులు, 32 అంగుళాల హెచ్‌డీ రెడీ టీవీ, టీవీ దగ్గర 30 ఎంబీపీఎస్. చూసేది ఆహా, యూట్యూబ్ ప్రవచనాలు. ఇక్కడ అన్నిటికన్నా ముందు చూడాల్సింది రిమోట్. కొడుకు స్టిక్కు బిగించి వెళ్ళిన మర్నాడు ఫోన్ వస్తుంది: "ఒరేయ్, ఇందులో సౌండు ఎక్కడ పెంచాలిరా?" ఫైర్ టీవీ స్టిక్ లైట్ రిమోట్‌కు సౌండు బటన్లే ఉండేవి కావు, అలాంటి పాత సరుకు అంటగడితే వద్దనండి. టీవీ ఆన్ ఆఫ్, సౌండు రెండూ ఒకే రిమోట్‌లో ఉండాలి. టీవీలో సీఈసీ కూడా ఆన్ చేయండి (శామ్‌సంగ్‌లో ఎనీనెట్ ప్లస్, ఎల్‌జీలో సింప్‌లింక్, సోనీలో బ్రావియా సింక్), అప్పుడు స్టిక్కు రిమోట్ నొక్కితే టీవీ దానంతట అదే సరైన ఇన్‌పుట్‌కు వస్తుంది. ఆపైన 2 జీబీ ర్యామ్.

రెండోది షోళింగనల్లూరులో అపార్ట్‌మెంటు. 55 అంగుళాల 4కె టీవీ, నెట్‌ఫ్లిక్స్ 649 ప్లాను, అన్నీ దివ్యంగా ఉన్నాయి. టీవీ దగ్గర వేగం మాత్రం 12. రూటర్ పడగ్గదిలో ఉంది, 2.4 గిగాహెర్ట్జ్ అనే వైఫై బ్యాండులో చుట్టుపక్కల ఫ్లాట్లన్నీ అరుస్తున్నాయి. వీళ్ళు ఏ స్టిక్కు కొన్నా అదే గతి. ముందు రూటర్ హాల్లోకి రావాలి, లేదా 5 గిగాహెర్ట్జ్ అందేలా చూడాలి. కుదరకపోతే గోడ వెంట కేబుల్ లాగి, ఫైర్ టీవీకి విడిగా అమ్మే ఈథర్నెట్ అడాప్టర్ పెట్టుకోవచ్చు. అది 100 ఎంబీపీఎస్ దాటదు కానీ మన 15కు అది ఎక్కువే.

మూడోది వేళచ్చేరిలో బ్రహ్మచారుల గది. బ్రాడ్‌బ్యాండ్ లేదు, ఫోన్ హాట్‌స్పాటే దిక్కు. హెచ్‌డీలో గంటకు 3 జీబీ దాకా పోతుందని నెట్‌ఫ్లిక్స్ లెక్క. రోజుకు 2 జీబీ ప్యాకుతో ఇంటర్వెల్ కూడా పడదు. స్టిక్కు తర్వాత, నలుగురూ వాటా వేసుకుని ముందు కనెక్షన్ పెట్టించుకోండి.

ఇంటిపని

మీకు నచ్చిన రెండు స్టిక్కుల పేర్లు రాసి, పక్కన ర్యామ్, స్టోరేజి, ఏ స్టోరు, రిమోట్‌లో సౌండు బటన్ ఉందా అన్నవి పూరించండి. చీటీలోని యాప్‌లు ఒక్కొక్కటీ ఆ స్టోర్‌లో వెతికి టిక్కు పెట్టండి. అప్పుడు కొనండి, పెట్టె, బిల్లు దాచండి. నాలుగో పాఠంలో దాన్ని బిగిద్దాం. సినిమాలు సెకనుకు 24 ఫ్రేములు, టీవీ తెర 60 సార్లు మారుతుంది, కెమెరా నెమ్మదిగా పక్కకు తిరిగే షాట్లలో బొమ్మ కుదుపుతూ కదిలేది అందుకే. ఆ కుదుపు తగ్గించే సెట్టింగుతో మొదలుపెడదాం.