మత్తు దిగేటప్పుడు బిడ్డ గింజుకుంటుంటే

సమస్య: టాన్సిల్స్, హెర్నియా, మెల్లకన్ను ఆపరేషన్ అయి రికవరీ గదికి వచ్చిన మూడేళ్ల బిడ్డ లేస్తూనే అరుస్తోంది, వీపు విల్లులా వంచుతోంది, సెలైన్ సూది పీకబోతోంది. ఎత్తుకున్న అమ్మనే తోసేస్తోంది. గాలి సోకిందనో, మెదడుకేమో అయిందనో ఇంటివాళ్లు బుగులు పడతారు. అది కాదు.

కారణం: సెవోఫ్లురేన్ లాంటి పీల్చే మత్తు తొందరగా దిగుతుంది. ఒళ్లు ముందు లేస్తుంది, సోయి తర్వాత వస్తుంది. 2 నుంచి 5 ఏళ్ల వాళ్లలో, లోపలికి పోయేటప్పుడే బాగా భయపడ్డవాళ్లలో ఎక్కువ. చాలామందికి 5 నుంచి 15 నిమిషాల్లో దానంతటదే తగ్గుతుంది.

ముందుగా ఊపిరి, ఆక్సిజన్ చూడాలి. కాలు కొట్టుకుంటుంటే ప్రోబ్ (ఆక్సిజన్ చూసేందుకు కాలికి పెట్టే క్లిప్) అంకె తప్పు చూపిస్తుంది. పాదం మెల్లగా పట్టి, పెదాల రంగు కూడా చూడండి. టాన్సిల్స్ బిడ్డ మాటిమాటికీ గుటకలు వేస్తుంటే గొంతులో నెత్తురు కారుతోందేమో చూడాలి. అచ్చంపేట దిక్కు నుంచి రాత్రే బయల్దేరి పాలమూరు చేరి, అప్పటినుంచీ ఏమీ తాగని బిడ్డకు షుగర్ పరీక్ష తప్పనిసరి. నిండిన మూత్రం, బిగిసిన కట్టు కూడా ఏడిపిస్తాయి.

తర్వాత పేరు పెట్టి పిలిచి కళ్లు చూడండి. చూపు మీ ముఖం మీద ఆగకుండా దాటిపోతుంటే మత్తు అయోమయం. మిమ్మల్ని గుర్తుపట్టి, చేయి కుట్ల దగ్గరికే పోతుంటే నొప్పి. అప్పుడు నొప్పి మందు కావాలి. రెండూ కలిసి కూడా ఉండొచ్చు.

పరిష్కారం: అణచిపట్టొద్దు, పట్టినకొద్దీ ఇంకా గింజుకుంటారు. మంచం కమ్మీలకు దుప్పట్లు చుట్టండి, సూది ఉన్న చేతిని ఒక్కరే కాపాడండి, లైట్లు తగ్గించండి. ఒక్క గొంతే వినిపించాలి: "అమ్మ ఈడనే ఉన్న బిడ్డా." దేవరకొండ తండాల పిల్లలకు ఆ మాట వాళ్ల లంబాడీ భాష గోర్‌బోలిలో, తల్లి నోటనే రావాలి. అప్పటికీ దెబ్బ తగిలించుకునేలా ఉంటే మత్తు డాక్టర్ కిలోకు 0.5 నుంచి 1 మిల్లీగ్రాము ప్రొపోఫాల్ (నరానికి ఇచ్చే మత్తు మందు) ఇస్తారు. ఊపిరి తగ్గొచ్చు, అందుకే బిడ్డను పక్కకు తిప్పి ఆక్సిజన్ దగ్గర పెట్టుకోవాలి.

మళ్లీ రాకుండా: మామూలు నీళ్లు ఆపరేషన్‌కు 2 గంటల ముందుదాకా తాగించొచ్చు, డాక్టర్‌ను అడిగి. మత్తు ఎక్కేదాకా అమ్మను పక్కన ఉండనివ్వండి. సెవోఫ్లురేన్ ఆపేటప్పుడు మత్తు డాక్టర్ కిలోకు 3 మిల్లీగ్రాముల ప్రొపోఫాల్ 3 నిమిషాల్లో మెల్లగా ఇస్తే ఈ గింజులాట బాగా తగ్గుతుంది.

అరగంట దాటినా సోయి రాకపోతే మత్తు అని వదిలేయొద్దు. ఆక్సిజన్, షుగర్, నెత్తురు అన్నీ మళ్లీ మొదటినుంచి చూడాలి.