హారం పదే పదే తెగుతుంటే దారం కాదు, పూస బెజ్జం చూడండి

తెగిన హారం పట్టుకుని వచ్చేవాళ్ళు దాదాపు అందరూ ఒకటే మాట అంటారు: "ఈసారి ఇంకొంచెం గట్టి దారం వేసి ఇవ్వండి." దారం మార్చడం పెద్ద పని కాదు. ఎందుకు తెగిందో చూడకుండా మారిస్తే మాత్రం రెండు నెలలకి అదే హారం, అదే చోట మళ్ళీ తెగుతుంది. ఏళ్ళ తరబడి ఇంట్లో కూర్చుని పూసలు గుచ్చుతున్నాను. హైదరాబాద్‌లో ముత్యాలకి పత్తర్‌గట్టీ, రాళ్ళకి లాడ్ బజార్ చుట్టుపక్కల గల్లీలు, హుక్కులకీ గేర్ వైరుకీ (ప్లాస్టిక్ పూత ఉన్న సన్నటి తీగ) బేగంబజార్ తిరుగుతుంటాను. గుచ్చడం, ముడి వేయడం, గేర్ లాక్ (వైరు కొసను పట్టి ఉంచే చిన్న లోహపు పూస) నొక్కడం మీకు వచ్చనే అనుకుని రాస్తున్నాను. ఎక్కడ తేడా వస్తోందో, దాన్ని ఎలా పట్టుకోవాలో మాత్రమే చెబుతాను.

హారం తెగింది: ముందు తెగిన కొస చూడండి

అందరూ వదిలేసే పని ఇదే. పూసలు ఏరుకుని డబ్బాలో వేసుకుంటారు, పాత దారం చెత్తబుట్టలో పడేస్తారు. జరిగిన సంగతంతా ఆ దారం మీదే ఉంటుంది. దాన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి కొస చూడండి, ఎక్కడ తెగిందో కూడా చూడండి.

హుక్కు పక్కనే తెగితే తప్పు గేర్ లాక్‌ది. ప్లయర్‌తో మరీ గట్టిగా నొక్కితే లాక్ రేకులా చదునై, దాని అంచే వైరును కోసేస్తుంది. లాక్ కదలకుండా ఉంటే చాలు, అంతకు మించి నొక్కకండి. పట్టు దారమైతే హుక్కు రింగు రాపిడికి అరిగిపోతుంది. మగ్గం పనిలో వాడే సన్నటి జర్దోసీ స్ప్రింగ్ తీగ చిన్న ముక్క తొడిగి, ఆ తర్వాత రింగులోంచి దారం తిప్పండి.

ముడి ఊడిపోయి ఉంటే అది తంగూస్ (నైలాన్) దారం అయి ఉంటుంది. నున్నగా ఉంటుంది కాబట్టి దాని మీద ముడి నిలవదు, పైగా పాతబడితే పెళుసెక్కుతుంది. తేలికపాటి గాజు పూసలకి సరే, రాళ్ళకి మాత్రం వాడకండి.

హారం మధ్యలో ఎక్కడో తెగి, కొస కుచ్చులా పీచు పీచుగా విచ్చుకుని ఉంటే ఇక దారాన్ని తిట్టుకోకండి. దాన్ని పూసే కోసింది.

బెజ్జం అంచు

ఇది నాకు తెలిసొచ్చింది మా పిన్ని కూతురి పెళ్ళిలో. తన కోసం 8 మిల్లీమీటర్ల ఆకుపచ్చ క్వార్ట్జ్ పూసలతో రెండు పేటల హారం గుచ్చాను. పెళ్ళికి ముందే ఒకసారి తెగింది. దారం నాసిరకం అనుకుని ఇంకో రీలు కొన్నాను. మళ్ళీ తెగింది. ఈసారి రెండు పోగులు కలిపి గుచ్చాను. తలంబ్రాల వేళ తను దోసిలి ఎత్తగానే కింది పేట తెగి, పసుపు బియ్యంలో పచ్చ పూసలు జారిపోయాయి. "అక్కా, నా హారం" అని తను నా వైపు చూసిన చూపు నాకు ఇంకా గుర్తే. ఫంక్షన్ హాల్ తివాచీ మీద మోకాళ్ళ మీద కూర్చుని బియ్యంలోంచి పూసలు ఏరుతుంటే, ఒక పూస బెజ్జం దగ్గర నా గోరుకి చురుక్కున తగిలింది. ఇంటికొచ్చి భూతద్దంలో చూశాను. బెజ్జం చుట్టూ రాయి పెచ్చులా లేచి ఉంది, పగిలిన గాజు గ్లాసు అంచులా.

అలా ఎందుకు అవుతుందంటే, పూసకి రెండు వైపుల నుంచీ సగం సగం తొలిచి మధ్యలో కలపాలి. చౌక సరుకులో ఒకే వైపు నుంచి తోసేస్తారు. తొలిచే సూది అవతలికి వచ్చేటప్పుడు రాయి చిట్లి చిన్న గిన్నెలా పెచ్చు ఊడుతుంది. ఆ గిన్నె అంచు బ్లేడే. రెండు వైపుల నుంచీ తొలిచినా, సూదులు ఒకే గీతలో కలవకపోతే లోపల మెట్టు లాంటిది మిగులుతుంది. అది బయటికి కనపడదు, దారాన్ని మాత్రం లోపల కూర్చుని కోస్తుంది.

16 అంగుళాల లైనులో (షాపులో దారానికి గుచ్చి అమ్మే పూసల వరస) 8 మిల్లీమీటర్ల పూసలు 50 దాకా ఉంటాయి, క్వార్ట్జ్ అయితే బరువు దాదాపు 35 గ్రాములు. మనం నడిచినా, తల తిప్పినా ఆ బరువంతా దారం మీద ఊగుతుంది. ఊగిన ప్రతిసారీ అంచు ఒక్క పోగు కోస్తుంది. అందుకే గుచ్చిన రోజున ఎంత లాగినా తెగదు, రెండు నెలల తర్వాత తెగుతుంది. రెండు పోగులు వేస్తే నాలుగు నెలలు ఆగుతుంది, అంతే తేడా. గేర్ వైరు వేసినా పైనున్న ప్లాస్టిక్ పూత ముందు పోతుంది, తర్వాత లోపలి సన్నటి తీగలు ఒక్కొక్కటే తెగుతాయి.

కనిపెట్టడం తేలిక. మామూలు తెల్ల కుట్టు దారం జానెడు తీసుకుని పూసలోకి ఎక్కించండి. రెండు కొసలూ పట్టుకుని, దారం బెజ్జం అంచుకి ఆనేలా కాస్త వాలుగా ఉంచి, కవ్వం తాడు లాగినట్టు పదిసార్లు ఇటూ అటూ లాగండి. దారం తెల్లగా నున్నగా ఉంటే పూస మంచిదే. నూగు లేచినా, ఎక్కడైనా పట్టేసినట్టు అనిపించినా ఆ పూస పక్కన పెట్టండి. రెండు వైపులా చూడాలి, ఒకవైపు బాగుండి రెండోవైపు కోసేవే ఎక్కువ. 50 పూసలకి అరగంట పడుతుంది. ఆ అరగంట కూర్చోండి.

పక్కన పెట్టిన వాటిని బాగు చేయడానికి బీడ్ రీమర్ కావాలి. వజ్రపు పొడి అద్దిన సన్నటి ఆకురాయి లాంటిది అది. క్వార్ట్జ్, అకీకు (అగేట్) లాంటి రాళ్ళ కాఠిన్యం 7 దాకా ఉంటుంది, మామూలు ఇనుప ఆకురాయి వాటి మీద పనిచేయదు. గిన్నెలో నీళ్ళు పోసి, పూసను నీళ్ళలోనే ముంచి పట్టుకుని, రీమర్ కొసను బెజ్జంలో పెట్టి అర చుట్టు ముందుకి, అర చుట్టు వెనక్కి తిప్పండి. నొక్కకండి, నొక్కితే పూస పగులుతుంది. మొదట గరగరమంటుంది, కాసేపటికి ఆ చప్పుడు మెత్తబడుతుంది. అప్పుడు అంచు పోయినట్టు. లోపల మెట్టు ఉందనిపిస్తే రీమర్ సగం దాకా పోనివ్వండి. తర్వాత కుట్టు దారం పరీక్ష మళ్ళీ చేయండి.

నీళ్ళు లేకుండా ఈ పని ఎప్పుడూ చేయకండి. రీమర్ పాడవుతుందని మాత్రమే కాదు. ఆ పొడి సిలికా. గుజరాత్‌లోని ఖంభాత్‌లో అకీకు అరగదీసే పనివాళ్ళు ఆ పొడి పీల్చి, సిలికోసిస్ అనే జబ్బుతో ఊపిరితిత్తులు పోగొట్టుకున్నారు. మనం చేసేది పది పూసలే అయినా, పిల్లలు తిరిగే ఇంట్లో ఆ పొడి ఎగరనివ్వకూడదు.

ముత్యానికైతే చెయ్యి ఇంకా తేలిగ్గా ఉండాలి. దాని కాఠిన్యం 2.5 నుంచి 4.5 వరకే, రెండు తిప్పులు ఎక్కువైతే బెజ్జం వదులైపోతుంది. పెచ్చు మరీ లోతుగా ఊడిన పూసను అసలు ముట్టుకోకండి. హెడ్ పిన్ (ఒక కొస గుండుసూదిలా ఉండే తీగ) ఎక్కించి జూకా కింద వేలాడదీసుకోండి, అక్కడ కోయడానికి దారమే ఉండదు.

కొనేటప్పుడే చూసుకుంటే ఈ తిప్పలు సగం తప్పుతాయి. షాపులో లైను చేతికిచ్చినప్పుడు పూసల మెరుపు తర్వాత, ముందు అవి గుచ్చి ఉన్న తాత్కాలిక దారం చూడండి. పూసలు ఒక పక్కకి జరిపితే దారం కనిపిస్తుంది. ఎక్కడో తొలిచిన ఊరి నుంచి ఇక్కడిదాకా ఆ దారం మీదే అవి ప్రయాణం చేశాయి. అది అప్పటికే నూగు లేచి, అక్కడక్కడా నలిగి ఉంటే ఆ లైను వదిలేయండి. షాపువాళ్ళు ఏమీ అనుకోరు, తెలిసినవాళ్ళు చూసేదే అది.

మెడకి రంగు అంటుతోంది

దీనికీ బెజ్జమే చూడాలి. చౌకగా దొరికే కెంపు, పచ్చ రంగు పూసల్లో చాలావరకు రంగు వేసిన క్వార్ట్జే. వాడొచ్చు, తప్పేం లేదు, రంగు నిలిస్తే చాలు. రంగు వేసిన రాయిలో సన్నటి పగుళ్ళ వెంట రంగు గీతలు గీతలుగా కూర్చుని ఉంటుంది, బెజ్జం చుట్టూ చిక్కగా పేరుకుంటుంది. ఫిరోజా (టర్కాయిస్) పేరుతో అమ్మే వాటిలో హౌలైట్ అనే తెల్లరాయికి నీలం రంగు వేసినవి చాలా ఉన్నాయి. రంగు వేశాక తొలిస్తే బెజ్జం లోపల తెల్లగా కనిపిస్తుంది, తొలిచాక వేస్తే బెజ్జం అంచున ముదురు నీలం కనిపిస్తుంది. ఎలా చూసినా దొరికిపోతుంది.

కొన్నాక ఒక పూసను తడి దూదితో గట్టిగా తుడవండి. దూదికి రంగు రాకపోతే, ఎసిటోన్ ఉన్న నెయిల్ పాలిష్ రిమూవర్ రెండు చుక్కలు వేసి మళ్ళీ తుడవండి. ఈ రెండో పరీక్ష ముత్యాల మీద, పగడాల మీద, ప్లాస్టిక్ పూసల మీద మాత్రం చేయకండి, పాడైపోతాయి.

రంగు దిగుతున్న పూసకి మందు లేదు. ఉప్పునీళ్ళలో నానబెడితే ఆగుతుందంటారు, నేను చేసి చూశాను, ఆగలేదు. పైన వార్నిష్ కొడితే నెలలో పొరలు లేస్తుంది. అలాంటి పూసలు తిరిగి ఇచ్చేయండి, లేకపోతే ఒంటికి తగలని చోట వాడండి. తెల్ల ముత్యాల పక్కన మాత్రం ఎప్పుడూ గుచ్చకండి. చెమటకి దిగిన రంగు పట్టు దారం వెంట పాకి ముత్యం బెజ్జంలోకి చేరుతుంది. ఒకసారి అలా ఎర్రబడిన ముత్యాన్ని ఎవరూ తెల్లగా చేయలేరు.

ముత్యాలు కళ తప్పాయి

బెజ్జం దగ్గర పూత పొరలా లేచి లోపల గాజో ప్లాస్టిక్కో కనిపిస్తే అది ముత్యం కాదు, చేసేదేమీ లేదు. అసలు ముత్యమే అయితే సెంటు, చెమట, నిమ్మరసం కారణం. ముత్యం కాల్షియం కార్బొనేట్, పులుపు తగిలితే పైపొర తినేస్తుంది. సెంటు కొట్టుకుని ఆరాక చివర్లో వేసుకోండి, తీశాక కాస్త తడిపిన మెత్తటి బట్టతో తుడిచి పడుకోబెట్టి ఆరనివ్వండి. తడిగా వేలాడదీస్తే పట్టు దారం సాగుతుంది.

పూసల మధ్య ఖాళీలు వచ్చాయంటే కూడా దారం సాగిందనే అర్థం. గుచ్చే ముందు రాత్రంతా పట్టు దారానికి చిన్న బరువు కట్టి వేలాడదీయండి. రోజూ వేసుకునే ముత్యాల హారమైతే ఏడాదికో రెండేళ్ళకో దారం మార్చక తప్పదు. ముత్యానికీ ముత్యానికీ మధ్య ముడి వేయడం బద్ధకించకండి, తెగినా ఒక్కటే జారుతుంది.

ఎలాస్టిక్ బ్రేస్‌లెట్ జిగటగా అయి తెగింది

ఇది డిసెంబరులో ఎక్కువగా వస్తుంది. క్రిస్మస్‌కి ఇంట్లో కుకీలు చేస్తూ, చేతికి పూసల బ్రేస్‌లెట్ ఉంచుకునే వెన్న, చక్కెర కలిపి గిలక్కొడతారు, పిండి పిసుకుతారు. వెన్న బెజ్జాల్లోకి వెళ్ళి దారంతో పాటు ఉండిపోతుంది, బయట కడిగితే పోదు. కొన్నాళ్ళకి ఎలాస్టిక్ వదులై జిగురు జిగురుగా తెగుతుంది. ఫిరోజా, హౌలైట్ లాంటి రాళ్ళు నూనె పీల్చుకుని మచ్చలు పడతాయి, ఆ మచ్చ పోదు. ముత్యాలకీ వెన్న మంచిది కాదు. వంటకి ముందు తీసి పెట్టండి. ఇప్పటికే జిగటగా ఉంటే ఎలాస్టిక్ కత్తిరించేసి, క్వార్ట్జ్, అకీకు పూసలైతే గోరువెచ్చని సబ్బునీళ్ళలో కాసేపు ఉంచి, సన్నటి బ్రష్‌తో బెజ్జాలు తోమి, పూర్తిగా ఆరాక కొత్తది గుచ్చండి.

అరుదుగా వచ్చేవి

అమెథిస్ట్ పూసలు ఏడాదంతా కిటికీ ఎండలో ఉంటే రంగు వెలిసిపోతాయి, బీరువాలో పెట్టుకోండి. మెడ వెనక మాత్రమే దురద వస్తుంటే రాళ్ళది తప్పు కాదు, హుక్కులోని నికెల్ పడటం లేదు. వెండి హుక్కు కానీ బ్యాక్ డోరీ (మెడ వెనక కట్టుకునే దారం) కానీ వేయించుకోండి. వేసే ముందు ఆ హుక్కు రింగు అంచును కూడా కుట్టు దారంతో ఒకసారి రాసి చూడండి.